ఇది రాణిగారి బల్ల కాదు

హారిసన్, కాన్‌బెర్రా
మార్చి, మీ ఇంటి నుంచి వచ్చిన మర్నాడు

ప్రియమైన వదినకి,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తోందేమిటి ఈ పిల్ల అనుకోకు. ఫోన్ చేస్తే అన్నయ్య స్పీకర్ పెట్టమంటాడు. వాట్సాప్‌లో పెడితే మీ హాల్లో ఐప్యాడ్ మీద అందరికీ కనబడుతుంది. మీ ఇంట్లో పోస్టు డబ్బా తెరిచేది నువ్వొక్కదానివే.

నిన్న నువ్వు పెరట్లో బార్బెక్యూ దగ్గర వచ్చినవాళ్ళకి వడ్డిస్తూ ఉండగా, ముందుగదిలో అన్నయ్యకీ నాకూ మాట పెరిగింది. నేను తినకుండా కారెక్కడం నువ్వు చూశావు. ఎందుకో అన్నయ్య నీకు చెప్పి ఉండడు. అందుకే నేను చెబుతున్నాను.

సంగతంతా ఆ సొరుగుల బల్ల గురించి. కిందటేడు బౌరల్‌లో ఎవరిదో పాత బంగళా సామాను అమ్మేస్తుంటే అన్నయ్య కొనుక్కొచ్చాడే, పైన పాలరాతి పలక, ముందువైపు చెక్కలో పొదిగిన పూలబుట్ట, చుట్టూ బంగారు పూత పూసిన కంచు లతలు, అదే. దాని అసలు పేరు కమోడ్. మనవాళ్ళ ముందు ఆ మాటంటే నవ్వుతారని అన్నయ్య దాన్ని ‘క్వీన్స్ చెస్ట్’ అంటున్నాడు. ఫ్రాన్సు రాణి మేరీ ఆంటోనెట్ కోసం రీసెనర్ అనే ఆయన ఒక జత చేశాడనీ, విప్లవం వచ్చి రాజభవనం సామాను వేలం వేసినప్పుడు జతలో ఒకటి చేతులు మారి ఇంత దూరం వచ్చిందనీ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతున్నాడు. కొండల అవతల ఊళ్ళో ఉన్న ఆర్ట్ గ్యాలరీకి దాన్ని బహుమతిగా ఇస్తే, వాళ్ళు ఒక గదికి ‘డాక్టర్ ద్వారకానాథ్’ అని అన్నయ్య పేరు పెడతారు. మ్యూజియంలో పాత చెక్కసామాను బాగుచేయడమే నా ఉద్యోగం కాబట్టి, ఇది అసలుదేనని నా చేత ఒక ముక్క రాయించుకోవాలని పిలిచాడు.

చాలాసేపు దాని కింద వెల్లకిలా పడుకుని టార్చి వేసి చూశాను.

“ఏం తేలింది?” అన్నాడు.

“చాలా గొప్ప పని అన్నయ్యా. కానీ రాణి పోయిన నూరేళ్ళకి చేసింది. నకలు.”

ఎలా చెప్పగలవన్నాడు. చూపించాను. రాణి కాలంలో ఆ పల్చటి చెక్క పొరల్ని ఇద్దరు మనుషులు రంపం లాగి కోసేవాళ్ళు. రంపం గీతలు నిటారుగా పడేవి. ఈ బల్ల లోపల చెక్కపొర లేచిన చోట చూస్తే గీతలు వంపు తిరిగి ఉన్నాయి. అవి గుండ్రంగా తిరిగే యంత్రపు రంపం గీతలు. కంచు లతల్ని పట్టి ఉంచిన మరమేకులు కూడా యంత్రం మీద చేసినవే.

“మరమేకులు తరవాత ఎవరైనా మార్చి ఉండొచ్చు,” అన్నాడు.

“మరమేకులు మారుస్తారు. చెక్క గీతలు ఎవరు మారుస్తారు?”

లేచి వెళ్ళి తలుపు దగ్గరకి వేశాడు. తరవాత గొంతు తగ్గించి, “నువ్వు అబద్ధం రాయక్కర్లేదు లీలా. నకలు అన్న మాట ఒక్కటి వదిలేయ్. చాలు,” అన్నాడు.

“అదే అబద్ధం అన్నయ్యా.”

“నిన్ను ఈ దేశం తీసుకొచ్చి చదివించింది నేను. గుర్తుందా?”

“గుర్తుంది. అందుకే ముందు నీకు చెబుతున్నాను.”

జరిగింది ఇది. నేను సంతకం పెట్టను వదినా. పెట్టమని నువ్వు కూడా అడగకు. అడిగితే నీకూ పెట్టనని చెప్పాల్సి వస్తుంది.

లీల


గిరావీన్, సిడ్నీ
ఏప్రిల్

లీలకి,

నీ ఉత్తరం అందింది. చదివి చీరల కింద పెట్టాను. మొగుడి కంట పడకుండా ఆడపడుచు ఉత్తరం దాచుకునే రోజు వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

నీ చదువు గొప్పదే. కాదనను. కానీ ఇంటినిండా మనుషులున్నప్పుడు అన్నగారి మొహం మీద అలా చెప్పాలా? మర్నాడు కాన్‌బెర్రా వెళ్ళి ఫోన్‌లో చెబితే ఆ గీతలు ఏమైనా చెరిగిపోతాయా? ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు.

మీ అన్నయ్య సంగతి నీకంటే నాకు ఎక్కువ తెలుసు. ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక ఆస్పత్రిలో, పేషెంటు తండ్రి ఒకాయన ఈయన్ని ట్రాలీ తోసే మనిషి అనుకుని మంచం పక్కకి జరపమన్నాడు. ఈయన జరిపారు. జరిపి, చేతులు కడుక్కుని వెళ్ళి ఆ పిల్లకి గుండె ఆపరేషన్ చేశారు. ఇంటికొచ్చి నవ్వుతూనే చెప్పారు గానీ ఆ నవ్వు నేను మరిచిపోలేదు. అలాంటి మనిషి పేరు ఇప్పుడు ఈ దేశంలో ఒక గోడ మీద రాస్తామంటున్నారు. ఆ పేరు అక్కడ పడకుండా చేసే పని ఆయన చెల్లెలిదా?

ఆ గ్యాలరీకి వచ్చేదెవరు? స్కూలు పిల్లలు, రిటైరైనవాళ్ళు. వాళ్ళకి నిటారు గీతలైతే ఏమిటి, వంపు గీతలైతే ఏమిటి? తెలుగు సంఘం ప్రెసిడెంటు శివప్రసాద్ గారు అప్పుడే బస్సు మాట్లాడేశారు. ఆగస్టులో కార్యక్రమం. పులిహోర, చక్రపొంగలి ఎవరు చేయాలో కూడా అనుకున్నారు.

ఒక సంతోషం కూడా చెప్పాలి. నీతో కాక ఎవరితో చెప్పుకోను? మొన్న మీ అన్నయ్య మా తాతగారి గురించి అడిగారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎన్నడూ అడగని మనిషి. యానాంలో ఫ్రెంచివాళ్ళు ఉన్న రోజుల్లో శేషాచలం గారు ఏం చేసేవారు, ఏ దొరలతో పరిచయం, ఏ సంవత్సరం ఏం జరిగింది అని కూర్చోబెట్టి అడిగారు. నా కాఫీ చల్లారిపోయేదాకా చెప్పాను. వయసొస్తే మనుషులు మెత్తబడతారు కాబోలు.

సంతకం పెట్టనంటే పెట్టకు. కానీ నోరు మాత్రం తెరవకు. ఇన్నేళ్ళలో నిన్ను నేనేమీ అడగలేదు. ఇది అడుగుతున్నాను.

మీ వదిన
శ్యామసుందరి


హారిసన్
మే

వదినకి,

నోరు తెరవకు అన్నావు. తెరుస్తాను.

నాకు నకళ్ళంటే చిన్నచూపని నువ్వు అనుకుంటున్నావు. కాదు. ఆఫీసు పని మీద ప్యారిస్ వెళ్ళినప్పుడు ఈ బల్లకి నమూనా అయిన అసలుదాన్ని చూశాను. తాడు కట్టి దూరంగా నిలబెడతారు. అయినా వంగి వంగి చూశాను. రీసెనర్ చేసిన కొత్తలో ఆ చెక్కపూలకి ఆకుపచ్చ, ఎరుపు, నీలం రంగులుండేవి. వెలుతురుకి వెలిసి వెలిసి అంతా తేనెరంగుకి తిరిగింది. నూరేళ్ళ తరవాత నకలు చేసినవాళ్ళు ఆ వెలిసిన రంగునే చూశారు, దానినే చేశారు. మీ ముందుగదిలో బల్ల మొదటిరోజు నుంచీ తేనెరంగే. చేసినవాడి చెయ్యి మాత్రం ఎక్కడా తడబడలేదు. పూలబుట్టలో ఒక రెక్క అంచుకి వేడి ఇసకలో కాల్చి నీడ తెప్పించాడు. నేనైతే అంత బాగా చేయలేను.

రీసెనర్ బతుకుతెరువుకి జర్మనీ నుంచి ప్యారిస్ వచ్చినవాడు. తరవాతి కాలంలో అక్కడ రాజుల సామానుకి నకళ్ళు చేసినవాళ్ళలో చాలామంది అలా బయటినుంచి వచ్చినవాళ్ళే. రాజులు పోయాక, రాజుల్లా బతకాలనుకున్న డబ్బున్నవాళ్ళు వచ్చారు. వాళ్ళ కోసం చేశారు. మంచి పనివాళ్ళు నకలు అని చెప్పే చేశారు, నకలు అని చెప్పే అమ్మారు. కొందరు గర్వంగా తమ పేరు కూడా వేసుకున్నారు. మీ బల్ల చేసినవాడి పేరు మనకి తెలీదు. దాని మీద రీసెనర్ పేరు తగిలిస్తే ఆ మనిషి అసలు పుట్టనే లేదన్నట్టు. నాకు కోపం వచ్చేది అక్కడ.

ఇంకో సంగతి. అన్నయ్య పోయిన వారం మా డైరెక్టర్‌కి ఫోన్ చేశాడు. నేను ఆఫీసు పేరు వాడుకుని బయటివాళ్ళ సామానుకి విలువ కడుతున్నానని ఫిర్యాదు. నన్ను పిలిచి అడిగారు. ఆదివారం మా అన్నయ్య ఇంటికి భోజనానికి వెళ్ళాను, ఆయన అడిగితే ఆయన బల్లే చూశాను, నచ్చని మాట చెప్పాను, తిండి కూడా తినకుండా వచ్చాను అన్నాను. విచారణ చేస్తారట. చేసుకోమన్నాను.

ఆస్పత్రి సంగతి నాకూ తెలుసు. ఆ రోజు ఆయనకి జరిగింది అన్యాయమే. దానికి, గ్యాలరీకి వచ్చే పిల్లల చేత అబద్ధం చదివించడం మందు కాదు. వాళ్ళకి గీతలతో పని లేదన్నావు. పదేళ్ళప్పుడు నాకూ లేదు. ఎవరో నిజం చూపించారు కాబట్టి పని పడింది.

కార్యక్రమం ఇలాగే జరిగేట్టయితే గ్యాలరీకి నేనే రాస్తాను. నీకు ముందుగా చెబుతున్నాను. చాటుగా మాత్రం చేయను.

లీల


గిరావీన్
జూన్

లీలా,

నిన్న గ్యాలరీ డైరెక్టర్ హెలెన్ మా ఇంటికి వచ్చింది. నెరిసిన జుట్టు, మంచి మనిషి. నేను టీ తీసుకొచ్చేసరికి లేచి నిలబడి ట్రే అందుకోబోయింది. నన్ను పక్కన కూర్చోమని, “మీ తాతగారి గురించి ఇంకా చెప్పండి,” అంది ఇంగ్లీషులో.

“ఏం చెప్పమంటారు?” అన్నాను.

“యానాం వదిలి వెళ్ళేటప్పుడు ఫ్రెంచి అధికారి ఈ చెస్ట్ ఆయనకి కానుకగా ఇచ్చాడట కదా. ఆయన సేవకి మెచ్చుకుని. అది మీ నాన్నగారికి, ఆయన దగ్గరనుంచి మీకు వచ్చిందని డాక్టర్ చెప్పారు. ఇంత చక్కటి చరిత్ర ఉన్న వస్తువు మాకెప్పుడూ రాలేదు.”

నేను మీ అన్నయ్య వైపు తిరిగాను. మీ అన్నయ్య వెంటనే అందుకుని, “షి గెట్స్ ఎమోషనల్ అబౌట్ హర్ గ్రాండ్‌ఫాదర్,” అన్నారు. హెలెన్ జాలిగా నా చెయ్యి నొక్కింది. ఆయన తాతగారి గురించి ఎందుకు అడిగారో అప్పుడు తెలిసింది నాకు. మెత్తబడి కాదు.

మా తాతగారి సంగతి నీకు పూర్తిగా తెలీదు. ఆయన యానాం బడిలో ఫ్రెంచి చెప్పేవారు. ఊరు మన దేశంలో కలవాలని తిరిగినవాళ్ళలో ఆయనొకరు. అందుకు ఉద్యోగం తీసేశారు. తరవాత దొర పిలిచి, తప్పయిందని ఒక కాగితం రాసిస్తే మళ్ళీ తీసుకుంటానన్నాడు. మా తాతగారు అక్కడే కూర్చుని, వాళ్ళ భాషలోనే, ఎక్కడా వ్యాకరణం తప్పకుండా, రాయను అని రాసిచ్చి వచ్చారు. ఆ తరవాత ఇంట్లో చాలాకాలం గంజి తాగారు. ఆ రోజుల గురించి చెప్పేటప్పుడు మా నాయనమ్మ గొంతు తగ్గించేది కాదు, పెంచేది. అలాంటి మనిషి దొర చేతి కానుక పుచ్చుకున్నాడని ఒక గోడ మీద రాస్తారట.

హెలెన్ వెళ్ళాక అడిగాను. “ఏవండీ, మా తాతగారికి ఎవరు ఏం ఇచ్చారు?”

“అదొక కథ శ్యామా. వస్తువు ఎక్కణ్ణించి వచ్చిందో వాళ్ళకి చెప్పాలి. బౌరల్‌లో కొన్నానంటే ఏం బావుంటుంది? లీల రాసిచ్చుంటే ఇంత అవసరమే ఉండేది కాదు.”

“అయితే లీల చెప్పింది నిజమేనని మీకు తెలుసు.”

“తెలిస్తే ఏంటి? అందరూ నమ్మితే అదే అసలుది. మీ తాత పోయి ఎన్నేళ్ళయింది? ఆయనకొచ్చే నష్టం ఏంటి?”

నేను కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళాను. భయపడి కాదు. ఇక ఆయనతో వాదించి లాభం లేదని.

నువ్వు గ్యాలరీకి రాయకు. ఈసారి నోరు మూసుకోమని కాదు అడిగేది. ఈ మాట చెప్పాల్సింది నేను. కథ నా పుట్టింటిది కాబట్టి దాతల పేర్లలో నాదీ ఉంది. నా సంతకం లేకపోతే బహుమతి చెల్లదు. ఆగస్టులో గ్యాలరీలోనే పెట్టాలట. అప్పటిదాకా ఇంట్లో ఈ ఊసెత్తను. ముందే తెలిస్తే ఆయన నా తరఫున మాట్లాడ్డానికి ఇంకో మాట తయారు చేసుకుంటారు.

నాకు ఆ గీతలు ఎలా చూడాలో నేర్పు. నీ మాటగా కాదు, నా కళ్ళతో చూసి చెప్పాలి.

మీ డైరెక్టర్‌కి ఆయన ఫోన్ చేసిన సంగతి నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలీదు. మొహం ఎత్తి నీకు రాయడానికే ఇన్నాళ్ళు పట్టింది.

శ్యామ


హారిసన్
జూలై

వదినా,

నీ ఉత్తరం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. బయట గడ్డి అంతా మంచుకి తెల్లబడి ఉంది. నేను హీటర్ వేసుకోవడం కూడా మరిచిపోయాను.

నేర్పుతాను. కష్టమేమీ లేదు. కుడివైపు పెద్ద సొరుగు పూర్తిగా బయటికి లాగి, కింద పడుకుని లోపలికి చూడు. లోపల పక్కగోడ మీద, పైమూల దగ్గర చెక్కపొర కాస్త లేచి ఉంటుంది. దాన్ని ముట్టుకోకు. టార్చిని ఎదురుగా పెడితే ఏమీ కనబడదు. పక్కనుంచి, చెక్కకి దాదాపు ఆనించి వెయ్యి. నీడలు పడతాయి. అప్పుడు గీతలు వాటంతట అవే కనబడతాయి, చెరువులో రాయి వేస్తే లేచే అలల్లో ఒక ముక్కలాగా. బల్ల ఇంట్లో ఉండగానే ఒకసారి చూసుకో, అన్నయ్య క్లినిక్‌కి వెళ్ళినప్పుడు. చూశాక నీకే నమ్మకం వస్తుంది, అప్పుడు ఎవరు ఏమన్నా నీ గొంతు తడబడదు.

నా విచారణ అయిపోయింది. ఏ తప్పూ లేదని తేల్చారు. అయినా ఆఫీసులో కొందరు ఇంకా నన్ను చూసి మాట మారుస్తున్నారు. మార్చుకోనీ.

నేను కూడా రానా? నువ్వు ఒక్కదానివే అయిపోతావేమోనని నాకు బెంగగా ఉంది. అన్నయ్య కోపం నీకు తెలుసు. ఆయన అరవడు. నలుగురిలో నీకు ఆరోగ్యం బాగాలేదంటాడు, మతిమరుపంటాడు. అమ్మకీ ఒకసారి అలాగే చేశాడు.

వద్దంటే రాను. నీ ఇష్టం.

లీల


గిరావీన్
ఆగస్టు

లీలా,

నువ్వు రాకపోవడమే మంచిదైంది. వచ్చుంటే అంతా నీ పనేననేవారు.

బల్ల లారీలో ముందే వెళ్ళిపోయింది. మేం ఉదయం కారులో వెళ్ళాం. నీ మేనల్లుడు సాకేత్ మెల్‌బోర్న్ నుంచి వచ్చాడు. నేను గంధం రంగు ఉప్పాడ చీర కట్టుకున్నాను. మీ అన్నయ్య చూసి, “ఫొటోల్లో బావుంటుంది,” అన్నారు. మధ్యాహ్నం కార్యక్రమం. సంతకాలకి ముందుగా మమ్మల్ని గ్యాలరీ వెనకగదిలోకి తీసుకెళ్ళారు. బల్ల అక్కడే ఉంది, కింద దుప్పటి పరిచి. హెలెన్, ఆవిడ అసిస్టెంటు, మేం ముగ్గురం, శివప్రసాద్ గారు.

మీ అన్నయ్య సంతకం పెట్టి పెన్ను నాకిచ్చారు. నేను పెన్ను బల్ల మీద పెట్టి హెలెన్‌ని టార్చి ఉందా అని అడిగాను. ఆవిడ ఆశ్చర్యపోయింది గానీ తెప్పించింది. కుడి సొరుగు లాగి పక్కన పెట్టి, కొంగు నడుముకి దోపి, కింద పడుకున్నాను.

“ఏంటే అది? లే. అందరూ చూస్తున్నారు,” అన్నారు మీ అన్నయ్య తెలుగులో.

“చూడాలనే పడుకున్నాను,” అన్నాను.

హెలెన్‌ని పిలిచాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, బూట్లు విప్పి, నా పక్కన పడుకుంది. నువ్వు చెప్పినట్టే టార్చి పక్కనుంచి వేశాను. “ఈ వంపులు చూడండి. ఇవి యంత్రపు రంపానివి. రాణి రోజుల్లో ఇలా ఉండేవి కావు. ఇది తరవాత చేసిన నకలు. బౌరల్‌లో కొన్నాం,” అన్నాను. ఇంగ్లీషు ఎక్కడా తడుముకోలేదు. ఆవిడ టార్చి తను తీసుకుని, పక్కనుంచి మళ్ళీ వేసి చూసింది.

“మరి మీ తాతగారు?”

“మా తాతగారు ఫ్రెంచివాళ్ళ దగ్గర ఏదీ పుచ్చుకోలేదు. వాళ్ళిస్తామన్న ఉద్యోగం కూడా. ఆయన పేరు ఈ బల్ల పక్కన పెడితే నేను ఊరుకోను.”

హెలెన్ లేచి బట్టలు దులుపుకుని, “డాక్టర్, ఈజ్ దిస్ ట్రూ?” అంది.

నువ్వన్నంతా అయింది. “మై వైఫ్ హాజ్ నాట్ బీన్ వెల్,” అన్నారు.

లీలా, ఆ మాట కోసం నేను సిద్ధంగానే ఉన్నాను. జవాబు చెప్పబోయాను. అప్పుడు సాకేత్ అన్నాడు, “మమ్ ఈజ్ ఫైన్, డాడ్. జస్ట్ ఆన్సర్ హర్.” వాడు తండ్రికి ఎదురు చెప్పడం నేనెప్పుడూ వినలేదు.

శివప్రసాద్ గారు మధ్యలోకి వచ్చి, “అమ్మా, ఇవన్నీ ఇంట్లో మాట్లాడుకోవాల్సినవి,” అన్నారు.

“ఇంట్లో మాట్లాడాను శివప్రసాద్ గారూ. మా తాతకొచ్చే నష్టం ఏంటన్నారు,” అని హెలెన్ వైపు తిరిగి, “నకలు అని రాయండి. ఇప్పుడే సంతకం పెడతాను. మంచి నకలు. చేసినవాడు మహా పనివాడు. అది చూపించడానికి సిగ్గుపడక్కర్లేదు,” అన్నాను.

మీ అన్నయ్య కాగితాలు తీసుకుని, మడిచి జేబులో పెట్టుకుని, కారు వేసుకుని వెళ్ళిపోయారు. నావైపు చూడలేదు.

అప్పటికే సంఘం బస్సు వచ్చేసింది. హెలెన్ బయటికి వెళ్ళి, కార్యక్రమం ఈ రోజు లేదు, గ్యాలరీ మాత్రం తెరిచే ఉంది, చూడండి అని చెప్పింది. మనవాళ్ళు లాన్ మీద కూర్చుని పులిహోర తిన్నారు. కొంతమంది నాతో మాట్లాడలేదు. నేను కూడా ఒక ప్యాకెట్టు తెచ్చుకుని వాళ్ళ మధ్యే కూర్చుని తిన్నాను. లేచి వెళ్ళిపోతే తప్పు నాదవుతుంది.

సాకేత్, నేను రైల్లో వచ్చాం. దారిలో మా తాతగారి కథంతా చెబితే వాడు, “వాట్ ఎగ్జాక్ట్లీ డిడ్ హి రైట్ టు దెమ్?” అని అడిగాడు. మా నాయనమ్మ నాకు నేర్పిన ఆ ఫ్రెంచి వాక్యం చెప్పాను. వాడు మళ్ళీ చెప్పమన్నాడు. తరవాత తనే పలికి చూసుకున్నాడు. కొండలు దాటేదాకా దాన్ని సరిగ్గా పలకడానికి ప్రయత్నిస్తూనే ఉన్నాడు.

ఇంట్లో ఆయన నాతో మాట్లాడటం లేదు. మేడమీద గదిలో పడుకుంటున్నారు. నాకు ఏడుపు రావడం లేదు. రాదేమోనని భయంగా ఉంది, అంతే.

శ్యామ


హారిసన్
సెప్టెంబరు

వదినా,

నీ ఉత్తరం చదివి ఆఫీసు కారిడార్‌లో నిలబడి ఏడ్చాను. నీకు రాని ఏడుపు నాకొచ్చింది. లెక్క సరిపోయింది అనుకో.

అన్నయ్య నాకు మెసేజ్ పెట్టాడు. ‘ఇక నీకూ నాకూ ఏ సంబంధం లేదు’ అని. ‘సరే అన్నయ్యా, బీపీ మాత్రలు మాత్రం మానకు’ అని జవాబిచ్చాను. చదివినట్టు నీలం గుర్తు వచ్చింది.

ఆయన మీద నాకు ప్రేమ పోలేదు వదినా. కానీ ముందు ఆయన నోటితో నిజం రావాలి. అప్పటిదాకా రాఖీ పంపను, పుట్టినరోజుకి ఫోన్ చేయను. ఈ పట్టు నాకు ఆయన దగ్గరనుంచే వచ్చింది.

బల్ల ఏమైంది? వాళ్ళ వెనకగదిలోనే ఉందా? నువ్వెలా ఉన్నావు? పొడుగ్గా రాయి.

లీల


గిరావీన్
నవంబరు

మా లీలకి,

పొడుగ్గానే రాస్తాను. చెప్పాల్సింది చాలా ఉంది.

బల్లని వెనక్కి తీసుకెళ్ళమని హెలెన్ రాస్తే, మీ అన్నయ్య సాకేత్ చేత కబురు పంపారు. వాడు నాకు ఫోన్ చేసి నవ్వలేక నవ్వాడు. “డాడ్ సెడ్ దే కెన్ కీప్ ఇట్ ఆర్ బర్న్ ఇట్. హి వోంట్ హావ్ ఇట్ ఇన్ ద హౌస్.” హెలెన్ నకలు అనే మాటతో కొత్త కాగితాలు పంపింది. నేను సంతకం పెట్టి మేడ మెట్ల మీద పెట్టాను. మర్నాడు ఆయన సంతకంతో అక్కడే ఉన్నాయి. కోపంతో పెట్టారో, విసుగుతో పెట్టారో. గది పేరు సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు అది గ్యాలరీలో కిటికీకి దూరంగా, మంచి వెలుతురులో ఉంది. వెనక గోడ మీద అసలుదాని పెద్ద ఫొటో పెట్టారు. పక్కపక్కన చూస్తుంటే జనం చాలాసేపు నిలబడుతున్నారట. పలక మీద ‘పేరు తెలియని నిపుణుడు, ప్యారిస్’ అని రాశారు. కుడి సొరుగు తీసేసి, ఆ గీతలు కనబడేలా కింద అద్దం పెట్టించింది హెలెన్. ఎవరూ పడుకోనక్కర్లేదు.

దాని గురించి పోయిన శనివారం వచ్చి మాట్లాడమని నన్ను అంతకుముందే పిలిచింది. నేనెవరిని మాట్లాడ్డానికి అన్నాను. “దాని కింద పడుకున్న మొదటి దాతవి,” అంది. మన సంఘంలో కొందరు ఇంకా నాతో మాట్లాడటం లేదు. పెళ్ళికూతుర్ని చేసే ఫంక్షన్‌కి నన్ను మాత్రం పిలవలేదు ఒకావిడ. మొగుడి పరువు బజారున పెట్టిన మనిషి ఎదురైతే ఆ పిల్లకి మంచిది కాదందట. నాకు బాధ కలిగింది. చెప్పిన మాట మాత్రం వెనక్కి తీసుకోను. మాట్లాడతానని హెలెన్‌కి రాసేశాను.

ఆ సంగతి ఇంట్లో దాచలేదు. ఆయన భోజనం పైకి పట్టుకెళ్ళి, “శనివారం గ్యాలరీలో మాట్లాడుతున్నాను. రైల్లో వెళ్తాను. పప్పు ఫ్రిజ్‌లో ఉంటుంది,” అన్నాను. కంచం అందుకుని తలుపు వేసుకున్నారు.

గదినిండా జనం వచ్చారు. ఎక్కువ అక్కడివాళ్ళే. మనవాళ్ళు కొందరు వెనక వరసల్లో కూర్చున్నారు, శివప్రసాద్ గారి భార్య కూడా. ఆవిడొస్తుందని నేననుకోలేదు. నేను కాగితం రాసుకుని వెళ్ళాను గానీ చూడలేదు. వెలిసిన రంగుని అసలు రంగనుకుని చేసిన సంగతి చెబితే అందరూ ఫొటో వైపు, బల్ల వైపు మార్చి మార్చి చూశారు. ఇసకలో కాల్చిన రెక్క అంచు చూపించాను. పని కోసం ఊరు వదిలి వచ్చి, వేరే దేశపు రాణి సామాను తయారు చేసిన మనుషుల గురించి చెప్పాను. అప్పుడు మనవాళ్ళ వైపు చూడకుండా ఉండలేకపోయాను.

తరవాత మాది యానాం అంటే ఒకతను అదెక్కడని అడిగాడు. చెప్పడం మొదలుపెట్టాను. మా తాతగారి బడి వరకూ వచ్చాను. అప్పుడు తలుపు దగ్గర మీ అన్నయ్య కనబడ్డారు.

ఎంతసేపటినుంచి ఉన్నారో తెలీదు. కారు తాళాలు చేతిలో ఉన్నాయి. గడ్డం గీసుకోలేదు. మనవాళ్ళు ఒకరినొకరు చూసుకుని తల వంచుకున్నారు. నేను ఆగిపోయాను. గదంతా ఆయన వైపు తిరిగింది.

“శ్యామా,” అన్నారు తెలుగులో. “చాలు. ఇంటికి పద.”

కోపం లేదు ఆ గొంతులో. అలిసిపోయిన గొంతు. అందుకే కష్టమైంది నాకు. ఆ గొంతు వింటే ఇదివరకైతే బ్యాగు తీసుకుని వెళ్ళిపోయేదాన్ని.

“ఇంకా అయిపోలేదు,” అన్నాను నేనూ తెలుగులోనే. “మా తాతగారి సంగతి చెబుతున్నాను. కూర్చోండి.”

చివరి వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన దాని వంక చూశారు. తలుపు వంక చూశారు. నేను మాత్రం మొదలుపెట్టలేదు, ఎదురుచూశాను.

కూర్చున్నారు.

శ్యామ